బొంబాయి రోడ్డు మీద రెండు సైకిళ్ళు

పట్నం నుంచి జహీరాబాద్‌కు బస్సులో వచ్చినవాళ్ళెవరూ ఆ రోడ్డును చూడలేదనే నేనంటాను. పెళ్ళయిన నాలుగేళ్ళలో నేనూ ఎన్నోసార్లు వచ్చాను. కిటికీ పక్కన కూర్చోవడం, పటాన్‌చెరు దాటగానే నిద్రపోవడం, కండక్టర్ లేపితే దిగడం, అంతే. ఆ రోడ్డు ఎంత పొడుగో, దాని అంచు ఎంత ఎత్తో, దాని మీద ఏమేం ఆరబోస్తారో నాకు మొన్నటి సెలవుల్లోనే తెలిసింది. ఈసారి మూడు రోజులు సైకిల్ తొక్కుకుంటూ వచ్చాను. ఎందుకమ్మా నీకీ పాట్లు అని అడిగినవాళ్ళకు విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

బయలుదేరేముందు పంచాయితీ

నేను పంతులమ్మను. మా బడి జహీరాబాద్‌కు ఎనిమిది కిలోమీటర్లు. ఆరు బొంబాయి రోడ్డు మీద, రెండు మట్టిబాట మీద. పొద్దుటి బస్సులు కిక్కిరిసి వస్తాయి. మా మలుపు దగ్గర ఆపాలంటే డ్రైవర్‌కు మనసు రావాలి. ఆ మనసు రాని రోజు నేను బడికి చేరేసరికి రెండో గంట కొట్టేస్తారు. దసరా తర్వాత ఇన్‌స్పెక్టర్ వచ్చి రిజిస్టర్ తిరగేసి, ఇంకొక్కసారి ఆలస్యమైతే రాయికోడ్ అవతలి పల్లెకు బదిలీ రాస్తానని చెప్పి వెళ్ళాడు. అక్కడికి రోజూ పోయి రావడం కుదిరే పని కాదు. అంటే ఉద్యోగం మానుకోవడమే.

సైకిల్ ఉంటే ఈ తిప్పలు తప్పుతాయి. సైకిల్ ఉంది కూడా. కాలేజీ రోజుల్లో నేను తొక్కిన లేడీస్ సైకిల్ పట్నంలో మా అన్న ఇంట్లో మెట్ల కింద దుమ్ము పట్టి ఉంది. అడ్డం వచ్చింది మా అత్తమ్మ భయం. ఆమెకు లారీలంటే వణుకు. పుట్టిల్లు బీదర్ దగ్గరి ఊరు కాబట్టి కోపమొచ్చినా భయమొచ్చినా తెలుగు వదిలేసి కన్నడంలోకి వెళ్ళిపోతుంది. నేను సైకిల్ మాట ఎత్తినప్పుడల్లా "బేడ" అనేది, అంటే వద్దని. "బేడ అంటే బేడ" అన్నదంటే ఆ రోజుకు ఆ మాట ముగిసిందన్నమాట.

నా తరఫున మాట్లాడింది మా మామ. ముప్పై ఏళ్ళు పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ రోజూ పొద్దున తన నల్ల సైకిల్ మీద బొంబాయి రోడ్డు పట్టుకుని ధాన్యం అమ్మే గంజ్ దాకా పోయి, చాయ్ తాగి, పేపర్ చదివి వస్తారు. అది లేకపోతే ఆయనకు పొద్దు పోదు.

"పట్నంకెల్లి ఇంటిదాక తొక్కుకుంట రానియ్యి," అన్నారు మామ అత్తమ్మతో. "నూరు కిలోమీటర్లు వచ్చినామెకు ఆరు కిలోమీటర్లు ఒక లెక్కనా? నేను ఎంబడి ఉంట. ఎక్కడన్న భయపడి సైకిల్ బస్సు మీదికెక్కించిందనుకో, అమ్మేద్దాం. నేనే వచ్చి నీకు సంగతి చెప్త."

అత్తమ్మ ఆయన ఎడమపక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆమె ఎప్పుడూ ఆ పక్కనే కూర్చుంటుంది. ఇంకో నాలుగు చిక్కుళ్ళు ఒలిచి, "నువ్వు ముంగట పోవాలె, ఆమె నీ ఎనుక రావాలె. గట్లయితేనే సరే," అంది. నా మీద అంత నమ్మకం లేదా అని నా మనసు కొంచెం నొచ్చుకుంది. మా ఆయన గంజ్‌లో గుమాస్తా, తల్లిదండ్రుల మధ్య మాట్లాడే మనిషి కాదు. "గాలి కొట్టే పంపు మర్చిపోకు" అని మాత్రం అన్నారు.

పటాన్‌చెరు దగ్గర అంచు

అర్ధ సంవత్సరం పరీక్షల తర్వాతి సెలవుల్లో, మామ సైకిల్‌ను బస్సు మీద వేసుకుని పట్నం వెళ్ళి, మర్నాడు తెల్లారుతుండగా అక్కడి నుంచి బయలుదేరాం. మామ ముందు. పంచె ఎగ్గట్టి, తలపాగా చుట్టి, పాత ఖాకీ కోటు వేసుకుని. నేను వెనక, కొంగు నడుముకు బిగించి. దారిలో పాటించాల్సినవి మామ ముందే చెప్పారు. వెనక్కి తిరిగి చూడొద్దు, తల తిరిగితే హ్యాండిల్ కూడా తిరుగుతుంది. లారీకి బ్రేకులున్నాయని నమ్మొద్దు. ఆకలైతే దాచుకోవద్దు.

కాలేజీ రోజుల్లో పట్నంలో మేము సైకిళ్ళ గుంపులో తొక్కేవాళ్ళం. పాత బస్తీ సందుల్లో సైకిళ్ళు, రిక్షాల నడుమ కారువాడే దారి బతిమాలుకోవాలి. ఊరు దాటాక ఆ మర్యాద ఉండదు. ఇక్కడ పెద్దదాన్ని చూసి చిన్నది తారు దిగాలి. మనిషి సైకిల్‌కు, సైకిల్ స్కూటర్‌కు, స్కూటర్ కారుకు, కారు లారీకి దిగుతుంది. బర్రెలు మాత్రం ఎవరికీ దిగవు. రామచంద్రాపురం అవతల ఒక బర్రె కోసం రెండు లారీలు, ఒక బస్సు నిలబడటం నా కళ్ళారా చూశాను. దానికి దొరికిన గౌరవం నాకు దారంతా ఎక్కడా దొరకలేదు.

బస్సులో వెళ్ళేవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. తారు, పక్కనున్న మట్టి ఒకే ఎత్తులో ఉండవు. తారు జానెడు పైన ఉంటుంది. ఎదురెదురుగా రెండు లారీలు వస్తే సైకిల్‌కు తారు మిగలదు, మట్టిలోకి దిగాల్సిందే. దిగడం ఎలాగో దిగుతాం. మళ్ళీ ఎక్కడం ఉంది చూశారూ, అదే విద్య. ఏటవాలుగా ఎక్కబోతే చక్రం అంచును పట్టుకుని జారుతుంది. పటాన్‌చెరు దగ్గర నేను అలాగే జారి, సరిగ్గా ఒక చాయ్ హోటల్ ముందు, నలుగురూ చూస్తుండగా పడ్డాను.

మోచెయ్యి గీసుకుపోయింది. హోటలాయన గ్లాసు కడుగుతున్నవాడు కడుగుతూనే, "లెవ్వమ్మా, ఫికర్ జెయ్యకు. గీ జాగల రోజుకు ఇద్దరు ముగ్గురు పడుతరు," అన్నాడు. పడ్డవాళ్ళకు చాయ్ ఊరికే ఇస్తాడట. పడనివాళ్ళకు అర్ధ రూపాయి. మామ తన అర్ధ రూపాయి ఇచ్చి, "ఎక్కేటప్పుడు ఆగి, దిగి, చక్రం లేపి పెట్టాలె బిడ్డా. సిగ్గుపడొద్దు," అన్నారు.

అక్కడి నుంచి నాకు భయం పట్టుకుంది. వెనక హారన్ వినబడితే చాలు, మట్టిలోకి దూకేసేదాన్ని. మామ మాత్రం దిగేవారు కాదు. వెనక లారీ గొంతు చించుకుంటున్నా తారు నడుమ మహారాజులా సాగిపోయేవారు. చివరికి లారీయే చుట్టు తిరిగి పోయేది. నేను ప్రతిసారీ దిగి ఎక్కి ఆయాసపడుతూ చేరుకుంటే, "ఊకూకె దిగుడేంది?" అనేవారు. ఇంటికి పోయి అత్తమ్మకు ఏం చెబుతారోనని నాకు గుబులుగా ఉండేది. ఈ వయసులో ఆయనకున్న ధైర్యం నాకు లేదని నిజంగా సిగ్గుపడ్డాను.

రుద్రారం దాటాక ఢాబా

మధ్యాహ్నం ఢాబాలో నులక మంచాల మీద కూర్చున్నాం. రొట్టె డెబ్బై ఐదు పైసలు, పప్పు ఎంత పోయించుకున్నా ఊరికే. పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ కూడా ఊరికే. పప్పులో నెయ్యి తేలుతోంది. మా ఇంట్లో పండగరోజున కూడా అంత పోయరు.

పక్క మంచం మీదున్న లారీ డ్రైవర్ హుమ్నాబాద్ వైపు మనిషి. మమ్మల్ని, సైకిళ్ళను చూసి మామతో ఏదో అన్నాడు. మామ తలెత్తకుండా తింటూనే ఉన్నారు. లారీవాళ్ళంటే గిట్టదేమో అనుకుని నేనే జవాబిచ్చాను.

"అమ్మా, ఒక మాట చెప్త, ఏమనుకోకు," అన్నాడు ఆ డ్రైవర్. "దిగేదుంటే దిగు. లేకుంటే సీదా పో. దిగాల్నా వద్దా అని అటిటు ఊగినవనుకో, గప్పుడు మాకు పరేషాన్. నిండు బండి జల్ది ఆగదు. మీరు మాకు భయపడ్తరు గని, మేము మీకెంత భయపడ్తమో మీకేమెరుక." తర్వాత నా చీరవైపు చూపించి, "రోడ్డు రంగు చీర కట్టినవ్. దూరంకెల్లి కనబడుతలేవు," అన్నాడు.

చూసుకుంటే నిజమే. బూడిద రంగు చీర. మురికి కనబడదని కట్టుకున్నాను, నేనే కనబడకుండా పోయాను. మర్నాడు పసుపుపచ్చ చీర కట్టాను. తేడా వెంటనే తెలిసింది, లారీలు కొంచెం దూరం నుంచే పక్కకు జరిగేవి. ఇన్నేళ్ళ చదువులో నాకెవరూ చెప్పని పాఠం.

ఆ రాత్రి సంగారెడ్డిలో మామ పాత పోస్టాఫీసు స్నేహితుడి ఇంట్లో దిగాం. జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు. స్నేహితులిద్దరూ అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. ముద్రలు కొట్టే చప్పుడులో పనిచేసినవాళ్ళ అలవాటు కాబోలనుకున్నాను.

బుధేర దగ్గర ఉలువల రోడ్డు

రెండో రోజు సదాశివపేట దాటాక దారి తేలికైంది. చలిగాలి, రెండు పక్కలా శనగ చేలు. బుధేర చేరకముందు ఒకచోట రోడ్డు సగం కనబడలేదు. ఎడమ సగమంతా ఉలువ తీగలు పరిచి ఉన్నాయి, గజాల కొద్దీ. తీగలు ఎగిరిపోకుండా అంచున వరసగా రాళ్ళు పెట్టారు. ఆ పక్కన ఒక పెద్దామె ఎర్ర గుడ్డ ఊపుతూ లారీలను పంట మీదికి రమ్మని పిలుస్తోంది. లారీలు తొక్కితే ఉలువలు రాలతాయి, ఆ తర్వాత తూర్పారపట్టుకుంటారు. ఎడ్లు అక్కర్లేదు, కల్లం అలకక్కర్లేదు. ఆమె పేరు శివమ్మ. లారీలను మనస్ఫూర్తిగా ప్రేమించే మనిషిని నేను మొదటిసారి చూశాను.

మామ రాళ్ళ కుడిపక్కన మిగిలిన తారు మీద ముందుకు పోయారు. నేను తెలివితక్కువగా తీగల మీదుగా వెళ్ళాను. పది గజాలు పోకముందే ఉలువ తీగ గొలుసుకు చుట్టుకుని పెడలు బిగుసుకుపోయింది. దిగాను.

"సైకిల్ తోటి ఉల్వలు రాలుతయా బిడ్డా? జరుగు జరుగు, బండొస్తున్నది," అంది శివమ్మ.

నా వెనక నుంచి ఇనుప కడ్డీల లారీ వస్తోంది. నేను పక్కకు జరిగాను. ఎదురుగా దూరంలో ఇంకో లారీ. నడుమ, ఖాళీ తారు మీద, మామ. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. మామ వీపు కదల్లేదు. భుజం కూడా కదల్లేదు. ధైర్యవంతుడికైనా భుజం కదులుతుంది. అప్పుడు నాకు అర్థమైంది. "మామా" అని అరిచాను. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. లారీ కీచుమని బ్రేకులు వేసి, రాళ్ళు ఎగరగొట్టి, ఉలువల మీదుగా మామను ఎడమవైపు నుంచి దాటిపోయింది. అది పక్కకు వచ్చాక గానీ మామ తల తిప్పలేదు. ఉలిక్కిపడ్డ ఆ ముఖం నాకు ఇంకా కళ్ళలోనే ఉంది.

సైకిల్ అక్కడే పడేసి పరిగెత్తాను. మామ దిగి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డారు. శివమ్మ వచ్చి ముందు పంట చూసుకుంది, తర్వాత మామను చూసింది.

"పెద్దాయనకు చెవు వినరాదు," అంది, వాన వచ్చేటట్టుందని చెప్పినట్టు. "మా ఇంటాయనది గూడ గంతే ఉండె."

"నీకెందుకు?" అన్నారు మామ.

శివమ్మ ఇంట్లో

శివమ్మ మమ్మల్ని ముందుకు పోనివ్వలేదు. కొడవలితో నా గొలుసులోని తీగ కోసి తీసి, రోడ్డు పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకుపోయింది. ఉలువ గుగ్గిళ్ళు, పైన తరిగిన ఉల్లిగడ్డ, వేడి ఉలువ కట్టు. డబ్బులివ్వబోతే ఆమెకు కోపమొచ్చింది. మా ఊళ్ళో బాటసారికి నీళ్ళిస్తారు, ఇక్కడ నీళ్ళతో పాటు పొద్దుగూకేదాకా మాటలు కూడా ఇస్తారు.

సాయంత్రం అరుగు మీద మామ నాతో అన్నారు.

"మూడేండ్లయింది బిడ్డా. కుడిది మొత్తం పోయింది. ఎడమది సగం వినవడుతది, గాలి ఉంటే గదీ లేదు. మీ అత్తమ్మకు తెలిసిందనుకో, ఎల్లుండికి నా సైకిల్ అమ్ముతది. గంజ్ దాక పోయి నలుగురి ముఖం చూసొస్తున్న. గదొక్కటే ఉన్నది నాకు. ఇంట్ల చెప్పకు."

నిన్నంతా నేను ధైర్యమనుకున్నది ఇదన్నమాట. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. నా సైకిల్ ఉండాలో పోవాలో చెప్పడానికి వచ్చిన మనిషి ఆయన. ఇప్పుడు ఆయన సైకిల్ నా నోటి మాట మీద ఉంది.

"నేను చెప్పను మామా. మాటిస్తున్న," అన్నాను. "కని రేపు ఎట్ల పోదాం? సైకిళ్ళు బస్సు మీద వేద్దామా?"

"వేస్తే నీ సైకిల్ పోతది. పోనియ్య," అన్నారు మామ.

రేగుపండ్ల టెలిగ్రాం

పొద్దున్నే ఉపాయం దొరికింది. శివమ్మ పెరట్లో రేగుచెట్టు విరగకాసింది. దారిలో తినమని సంచి నిండా పోసింది. ఆ సంచి నా హ్యాండిల్‌కు తగిలించుకున్నాను. వెనక లారీ వస్తే ఒక పండు తీసి మామ వీపు మీద విసరాలి. వీపుకు తగలగానే ఆయన మట్టిలోకి దిగాలి. పిలుపు అందుతుందో లేదోనన్న బెంగ లేదు. మామ దానికి టెలిగ్రాం అని పేరు పెట్టారు. "ముప్పై ఏండ్లు మంది టెలిగ్రాంలు మోసిన. నాకు రావట్టె గిప్పుడు," అని నవ్వారు.

మొదట గురి కుదరలేదు. రెండు పండ్లు చేలోకి పోయాయి, ఒకటి మామ తలపాగాలో ఇరుక్కుంది. మునిపల్లి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తిరిగింది. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. పసుపు చీర పంతులమ్మ ముందుపోయే పెద్దమనిషిని పండ్లతో కొట్టడం, ఆయన కిక్కురుమనకుండా రోడ్డు దిగడం. కంకోల్ దగ్గర ఒకావిడ బిందె దింపి మరీ అడిగింది, "ఆయన నీకేమైతడు?"

"మా మామ," అన్నాను.

ఆమె నన్నూ, మామనూ, నా సంచినీ చూసింది. చివరికి, "కలికాలం," అని బిందె ఎత్తుకుంది.

కోహీర్ చౌరస్తాలో అద్దం

దిగ్వాల్ దాటేసరికి పండ్లు అడుగంటి నాలుగైదే మిగిలాయి. నిజం చెప్పాలంటే, సగం నేనే తినేశాను. కోహీర్ చౌరస్తాలో గడ్డాలు చేసే ఆయన ఒకడు వేపచెట్టుకు అద్దం తగిలించి కూర్చున్నాడు. మామ గడ్డానికి కూర్చుంటే, నేను ఆ అద్దంలో నా వెనకనున్న రోడ్డంతా చూశాను. లారీలు, బండ్లు, మేకలు, అన్నీ చిన్నగా, వరసగా. లారీలకు అద్దాలుంటాయి. సైకిల్‌కు ఎందుకుండకూడదు?

ఆ గడ్డాలు చేసే ఆయన దగ్గర మూల పగిలిన చేతి అద్దం ఉంటే మూడు రూపాయలకు అడిగాను. "గడ్డం జేసుకుంట తొక్కుతడా పెద్దాయన?" అని నవ్వుతూనే ఇచ్చాడు. పాత ట్యూబు ముక్కలతో మామ హ్యాండిల్‌కు కట్టాం. పెళ్ళికొడుకు సైకిల్‌లా ఉందని మామ సిగ్గుపడ్డారు. ఫర్లాంగు దూరం పోయాక, నేను చూడకముందే, విసరకముందే, ఆయనంతట ఆయనే మట్టిలోకి దిగారు. లారీ వెళ్ళిపోయింది. మామ సైకిల్ ఆపి అద్దాన్ని భుజం మీది తువ్వాలుతో తుడిచారు.

"మూడేండ్ల సంది నా ఎనుక ఏమొస్తున్నదో నాకెరుక లేదు బిడ్డా," అన్నారు. "రోజు పోయిన. రోజు భయపడ్డ."

అక్కడి నుంచి చెరుకు బండ్లు మొదలయ్యాయి. ఫ్యాక్టరీకి పోయే బండ్లు, రోడ్డంతా జారిపడ్డ గడలు, అల్లం చేల వాసన. మా బడి మలుపు వచ్చింది. అక్కడి నుంచి ఇంటిదాకా ఆరు కిలోమీటర్లు నేను ముందు తొక్కాను. దిగాల్సినచోట దిగాను, అక్కర్లేనిచోట సీదా పోయాను. ఊగలేదు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మామ మాత్రం మలుపు దాటినప్పటి నుంచి మెల్లగా తొక్కుతున్నారు. మా సందు మొదట్లో దిగి, అద్దం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "తీసి సంచిల పెట్టుకుంట," అన్నారు. ట్యూబు ముడి విప్పబోయేలోపే అత్తమ్మ వాకిట్లోకి వచ్చేసింది.

వాకిట్లో

"పడ్డవా?" అంది నాతో.

"ఒక్కసారి పడ్డ అత్తమ్మా."

"బస్సెక్కించినవా?"

"లేదు."

ఆమె చూపు మామ హ్యాండిల్ మీదికి పోయింది. "గీ అద్దమేంది?"

నేను మాటిచ్చాను కాబట్టి నోరు మెదపలేదు. మామ అద్దాన్ని అరచేత్తో కప్పారు. "గిదా... కోడలు ఎనుక ఎట్లొస్తున్నదో..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

ఆ అబద్ధం పూర్తయితే ఆయన సైకిల్ ఆయనకు మిగులుతుంది. కోడలిని అద్దంలో కాపలా కాస్తే గానీ రాలేకపోయిందని అత్తమ్మ అనుకుంటుంది, నా సైకిల్ పోతుంది, దానితో బడి పోతుంది. మామకు అది తెలుసు. నాకూ తెలుసు. ఆయన నా వైపు చూశారు, తర్వాత తన సైకిల్ వైపు చూసుకున్నారు.

"అద్దం నాకే," అన్నారు. "నా చెవులు పోయినయి. హారన్ వినవడదు. గీ బిడ్డ లేకుంటే నేను బుధేర కాడనే ఖతమైతుంటి. ఆమె మంచిగ తొక్కుతది. నాకన్న మంచిగ తొక్కుతది."

అత్తమ్మ లోపలికి పోయి కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. చెంబు మామ చేతికిచ్చి, నడిచి ఆయన ఎడమపక్కకు వచ్చి నిలబడి అంది, "నాకెరికే."

"ఎప్పటిసంది?"

"మూడేండ్ల సంది నీ ఎడమ దిక్కే కూసుంటున్న. గోడకు ఆనుకుంటందుకు జాగ లేకున్న గా దిక్కే కూసుంటున్న. ఊకెనా? చెప్పితే నువ్వు చిన్నబోతవని ఊకున్న."

"మరి పట్నం దాక ఎందుకు పోనిచ్చినవ్?"

"ఎనుక ఆమె ఉంటదని," అంది అత్తమ్మ, నా వైపు చూడకుండానే.

ముందు నువ్వు, వెనక ఆమె. ఆ షరతు నా మీద అపనమ్మకంతో పెట్టింది కాదు. మొగుణ్ణి నాకు అప్పగించి పంపింది. నేను సైకిల్ గోడకు ఆనించి, మొహం కడుక్కునే నెపంతో చాలాసేపు నూతి దగ్గరే ఉన్నాను.

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. అత్తమ్మ మామను తారు మీదికి పోవద్దంది. "బేడ అంటే బేడ." గంజ్‌కు చెరుకు చేల గట్టు వెంట బండ్ల బాట ఉంది, చుట్టు తిరుగుడు, కానీ దాని మీద లారీలు రావు. మామ ఆ పూటకు మాట్లాడలేదు, అన్నం మాత్రం తిన్నారు. తర్వాత నా వైపు తిరిగి అత్తమ్మ ఒకే మాట అంది, "హోగు." పో అని అర్థం. ఆ ఇంట్లో నాకు తెలిసిన కన్నడం ఒక్కసారిగా రెండింతలైంది.

సోమవారం పొద్దున

బడి తెరిచిన రోజు పసుపు చీరే కట్టుకున్నాను. వాకిట్లోకి వచ్చి చూస్తే మూల పగిలిన అద్దం నా హ్యాండిల్‌కు ఉంది. మామ తెల్లారకముందే విప్పి కట్టేశారు. మన్ను మీద తనకు అద్దంతో పనేముందన్నారు.

సందు చివరిదాకా తన సైకిల్ మీద నాతో వచ్చారు. తారు మొదలయ్యేచోట దిగి నిలబడ్డారు. నేను సైకిల్ దిగి, చక్రం లేపి తారు మీద పెట్టి, ఎక్కాను. ముందు గుంతలున్నాయని వాటినే చూస్తూ తొక్కుతున్నాను. అద్దం సంగతి మొదటి రోజే మర్చిపోయాను. ఎదురుగాలికి చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ లేదు.

ఇరవై గజాలు పోకముందే వీపు మీద ఏదో తగిలింది. చిన్నగా, గట్టిగా.

వెనక్కి చూడలేదు. ఊగలేదు. మట్టిలోకి దిగాను. చెరుకు లారీ ఒకటి పెద్ద గాలితో నన్ను దాటిపోయింది. అది పోయాక కింద చూస్తే తారు అంచున రేగుపండు ఒకటి దొర్లుతోంది. తీసి చీరకు తుడుచుకుని నోట్లో వేసుకుని, రెండో గంటకు కాదు, మొదటి గంటకే బడికి చేరాను.